చిన్న యాక్షన్ కెమెరాతో టైమ్‌ల్యాప్స్: ముగ్గు, శ్లాబ్, మేఘాలు

యాక్షన్ కెమెరా కొన్నవాళ్లు చాలామంది టైమ్‌ల్యాప్స్ మోడ్‌ను ఒక్కసారైనా ప్రయత్నించి ఉంటారు. టైమ్‌ల్యాప్స్ అంటే కొన్ని సెకన్లకో ఫోటో తీసి, వాటన్నిటినీ కలిపి వేగంగా పరుగెత్తే వీడియోగా చేయడం. కిటికీలోనో మేడ మీదో పెట్టి మబ్బులు తీస్తారు. తీరా చూసుకుంటే మబ్బులు ఎక్కడో దూరాన చిన్న ముక్కల్లా జరుగుతుంటాయి, ఎదురింటి గోడలు వంగి ఉంటాయి, వెలుగు క్షణానికో రకంగా మినుకుమంటుంది. దాంతో పెద్ద కెమెరా ఉంటే తప్ప ఇది కుదరదని వదిలేస్తారు. నిజానికి పెద్ద కెమెరా అక్కర్లేదు. ఈ కెమెరాకు నప్పే దృశ్యం ఎంచుకుని, దాని ఆటోమేటిక్ తెలివితేటల్ని కాస్త కట్టేస్తే చాలు.

ఇక్కడ గోప్రో హీరో కెమెరాల మెనూలో కనిపించే పేర్లే వాడుతున్నాను. డీజేఐ ఆస్మో యాక్షన్, ఇన్‌స్టా360 ఉన్నవాళ్లకు పేర్లు కాస్త అటూఇటూ అయినా పద్ధతి ఇదే.

ముందు దృశ్యం సంగతి

ఈ కెమెరాకు అసలైన జూమ్ ఉండదు. వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, అంటే ఎపర్చర్, చాలా మోడళ్లలో మారదు. ఫోకస్ కూడా ఫ్యాక్టరీలోనే బిగించేసి ఉంటుంది. అడుగు కంటే దగ్గరగా ఉన్నవి మసకగా వస్తాయి, ఆ పైన దాదాపు అన్నీ స్పష్టంగా ఉంటాయి. లెన్స్ మాత్రం చాలా వెడల్పు. దూరంగా ఉన్న కొండ ఇందులో చీమంత అవుతుంది. నాలుగు అడుగుల దూరంలో జరిగే పని ఫ్రేమంతా నిండుతుంది.

అందుకే మొదటి ప్రయోగానికి నేను చెప్పేది ముగ్గు. సంక్రాంతి పొద్దున వాకిట్లో చుక్కలు పెట్టడం మొదలుకొని రంగులు నింపేదాకా ముప్పావుగంట పట్టిందనుకోండి, ఆ ముప్పావుగంటా మార్పు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, ఫ్రేమ్ దాటి పోదు. బతుకమ్మ పేర్చడం, వినాయకుడి మండపం అలంకరణ, వంటవాళ్లు పెళ్లి భోజనాలకు పెద్ద గుండిగల్లో వండటం కూడా అలాంటివే. రెండో మెట్టు ఇంటి శ్లాబ్. మూడోది కొండల మీద మబ్బులు. అక్కడైతే ఆకాశమే ఫ్రేమంత పెద్దది కాబట్టి వెడల్పు లెన్స్ కలిసొస్తుంది. దూరంగా హైవే మీద వాహనాలు, ఊరవతల గుడి గోపురం లాంటివి ఈ కెమెరాతో తీయకపోవడమే మంచిది.

తర్వాత లెక్క

సెకను వీడియోకు 30 ఫోటోలు కావాలి. పది సెకన్ల వీడియో కావాలంటే 300 ఫోటోలు. రెండు సెకన్లకో ఫోటో తీస్తే 300 ఫోటోలకు పది నిమిషాలు, ఐదు సెకన్లకోటి అయితే 25 నిమిషాలు, 30 సెకన్లకోటి అయితే రెండున్నర గంటలు పడుతుంది. ఈ మూడూ గుర్తుంటే మిగతావి అక్కడికక్కడే నోటిలెక్కతో వచ్చేస్తాయి.

ఇంటర్వల్, అంటే రెండు ఫోటోల మధ్య వ్యవధి, ఎంత పెట్టాలన్నది కదిలే వస్తువు వేగాన్ని బట్టి ఉంటుంది. గాలికి పరుగెత్తే మబ్బులు, రద్దీ బజారు, ముగ్గు వేసే చేయి అయితే ఒకటి, రెండు సెకన్లు. నెమ్మదిగా పాకే మబ్బులకు, సూర్యాస్తమయానికి ఐదు. నీడలు జరగడం, గోడ లేవడం లాంటివాటికి పది నుంచి ముప్పై. మొగ్గ విచ్చుకోవడం లాంటివాటికి నిమిషం, ఆపైన.

ఎంత పెట్టాలో తేలకపోతే తక్కువ ఇంటర్వల్ పెట్టండి. రెండు సెకన్లకోటి తీసిన ఫోటోల్లో ఒకటి విడిచి ఒకటి తీసేస్తే నాలుగు సెకన్ల ఇంటర్వల్ అవుతుంది. పది సెకన్లకోటి తీసి, మధ్యలో లేని ఫోటోలు ఎక్కణ్నుంచి తెస్తాం? కొత్తవాళ్లంతా ఇంటర్వల్ ఎక్కువ పెట్టేసి, మనుషులు ఫ్రేమ్‌లో ఉన్నట్టుండి ప్రత్యక్షమై మాయమయ్యే వీడియోలు తీస్తుంటారు.

ముగ్గు విషయానికొస్తే, 45 నిమిషాలు రెండు సెకన్ల ఇంటర్వల్‌తో 1,350 ఫోటోలు. అంటే 45 సెకన్ల వీడియో. రీల్‌కి పదిహేను సెకన్లే కావాలంటే ఎడిటింగ్‌లో మూడు రెట్లు వేగం పెంచుకోవచ్చు. రీల్ కోసమే అయితే కెమెరాను మొదటే నిలువుగా బిగించండి.

ఫోటోలా, వీడియోనా?

టైమ్‌ల్యాప్స్ వీడియో, టైమ్‌ల్యాప్స్ ఫోటో అని రెండు రకాలుంటాయి. మొదటిదాంట్లో కెమెరానే ఫోటోలన్నీ కుట్టేసి వీడియో ఇచ్చేస్తుంది. కార్డులో చోటు తక్కువ తింటుంది, ఫోన్‌లోకి దించి వెంటనే పంపేయొచ్చు. రెండోదాంట్లో ఫోటోలు విడివిడిగా కార్డులో పడతాయి, కుట్టే పని మనది.

మళ్లీ దొరకని సందర్భమైతే ఫోటోలే తీయండి. 4కె వీడియో ఫ్రేమ్ 8 మెగాపిక్సెళ్ల పైచిలుకు. అదే కెమెరా ఫోటో పాత మోడళ్లలో 12 మెగాపిక్సెళ్లు, హీరో 11 నుంచి 27. ఆ అదనపు మెగాపిక్సెళ్లతో తర్వాత ఫ్రేమ్ సరిచేసుకోవచ్చు, మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టు చేయొచ్చు, అడ్డంగా తీసినదాంట్లోంచి నిలువు వీడియో కూడా కత్తిరించుకోవచ్చు. మధ్యలో ఎవరో వచ్చి లెన్స్ ముందు నిలబడితే ఆ ఫోటోలు తీసేస్తే సరి. ఇంకోటి, వీడియో రికార్డవుతుండగా పవర్ పోతే ఫైల్ మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. ఫోటోలైతే అప్పటిదాకా తీసినవి భద్రంగా ఉంటాయి.

సెట్టింగులు

సెట్టింగులను మనమే మార్చుకునే ప్రోట్యూన్ విభాగంలోకి వెళ్లి ఒక్కొక్కటీ ఇలా మార్చుకోండి.

అన్నిటికంటే ముందు వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగును బట్టి రంగులను సరిచేసే సెట్టింగ్. ఆటో మీద ఉంచితే మబ్బు కమ్మినప్పుడల్లా రంగు మారుతుంది, వీడియోలో అది పసుపు, నీలం మధ్య ఊగుతుంది. పగటి వెలుగుకు 5500కె దగ్గర బిగించేయండి. ఉదయ సాయంత్రాల్లోనూ అదే ఉంచండి. అప్పుడే ఆకాశం ఎరుపు ఎరుపుగా వస్తుంది. ఆటో పెడితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని సరిచేసేస్తుంది!

ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) కనిష్ఠం 100, గరిష్ఠం పగలైతే 400. చీకటితో మొదలయ్యే షూట్ అయితే గరిష్ఠం 800 దాకా పెంచొచ్చు, ఆపైన చిత్రమంతా గింజ గింజగా తయారవుతుంది.

ఫోటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను అర స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఆకాశం ఒకసారి తెల్లబారిపోతే ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నీడలను మాత్రం కొంత లేపొచ్చు. ఎక్స్‌పోజర్‌ను పూర్తిగా లాక్ చేసే వీలు కూడా ఉంది, తెరను వేలితో నొక్కి పట్టుకుంటే వస్తుంది. వెలుగు మారని చోట, నీడపట్టున వేసే ముగ్గుకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మినుకు అసలే ఉండదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా సాగే షూట్‌కు మాత్రం లాక్ పెట్టొద్దు, మధ్యాహ్నానికి ఫోటోలన్నీ తెల్లకాగితాలే.

షార్ప్‌నెస్ తక్కువలో ఉంచండి. ఎక్కువైతే చెట్ల ఆకులు, కంకర కుప్పలు వీడియోలో గిలగిలలాడతాయి.

లెన్స్‌ను వైడ్ నుంచి లీనియర్‌కు మార్చండి. స్తంభాలు, గోడలు నిటారుగా నిలబడతాయి. ఆకాశం ఒక్కటే ఉన్న ఫ్రేమ్‌కు వైడ్ అయినా ఫర్వాలేదు.

ట్యూబ్‌లైట్లు, ఎల్‌ఈడీ సీరియల్ బల్బులు ఉన్న మండపాల్లో యాంటీ ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలది. అది మార్చగానే వీడియో మోడ్‌లో ఫ్రేమ్ రేటు 30 నుంచి 25కు దిగుతుంది, కంగారు పడకండి.

ఇక ఆపేయాల్సినవి: వైఫై, జీపీఎస్, బీప్ శబ్దాలు, ముందు వెనక ఎర్ర లైట్లు, వాయిస్ కంట్రోల్. నిమిషం తర్వాత తెర ఆరిపోయేలా పెట్టండి. వాయిస్ కంట్రోల్ సంగతి చాలామంది పట్టించుకోరు. కెమెరా చుట్టూ చేరి ‘గోప్రో, గోప్రో’ అని మాట్లాడుకునే పిల్లలుంటే అది దేన్ని ఆదేశమనుకుంటుందో చెప్పలేం.

గోప్రో మామూలు టైమ్‌ల్యాప్స్ మోడ్‌లో షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫోటోకు వెలుగు లోపలికి వచ్చే సమయం, మన చేతిలో ఉండదు. మిట్టమధ్యాహ్నం అది సెకనులో వెయ్యో వంతుకూ దిగువకు పోతుంది. అప్పుడు నడిచే మనుషులు తునకలు తునకలుగా ఎగిరెగిరి పడుతున్నట్టుంటారు. లెన్స్ మీద ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) తగిలిస్తే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది, కదలిక కాస్త పూసినట్టు నునుపుగా వస్తుంది. ఎన్‌డీ16 నాలుగు స్టాపుల వెలుగు తగ్గిస్తుంది, ఎన్‌డీ32 ఐదు. ఎండలో 32, మబ్బు పట్టినప్పుడు 16 చాలు. మీ మోడల్‌కు సరిపోయేదే కొనాలి, ఒక మోడల్‌ది ఇంకోదానికి పట్టకపోవచ్చు.

కదలకుండా నిలబెట్టడం

కెమెరా బరువు నూట యాభై గ్రాములు చిల్లర. గాలికి ఊగడానికి ఇదే కారణం. సన్నకాళ్ల చిన్న ట్రైపాడ్ మీద పెట్టి మేడ మీద వదిలేస్తే వీడియో అంతా వణుకుతుంది. ట్రైపాడ్ మధ్య కొక్కేనికి ఇసుక సంచో నీళ్ల సీసానో వేలాడదీయండి, అది నేలకు కాస్త ఆనేలా. ఇంకా మంచిది, బిగించే క్లాంప్: పిట్టగోడ మీది ఇనుప ఊచకో కిటికీ గ్రిల్‌కో పట్టేస్తే కదలమన్నా కదలదు. అద్దానికి అంటుకునే సక్షన్ కప్పును ఎండలో గంటల తరబడి నమ్మొద్దు. దానికి ఒక తాడు కట్టి ఇంకోచోట ముడేయండి.

పాత గోప్రోల్లో అడుగున మడత కాళ్లే ఉంటాయి, ట్రైపాడ్‌కు బిగించాలంటే చిన్న అడాప్టర్ కావాలి. హీరో 12 నుంచి ట్రైపాడ్ మర నేరుగా ఉంది.

ముగ్గుకు మేడ మీంచి కిందికి చూసేలా పెట్టడం ఉత్తమం. మేడ లేకపోతే ముగ్గు వేసేవాళ్ల ఎదురుగా, ఆరేడు అడుగుల ఎత్తున. వాళ్ల వెనక పెడితే వీడియో అంతా వీపే కనిపిస్తుంది.

పవర్, వేడి, కార్డు

ఒక్క బ్యాటరీతో రెండు గంటలు లాగితే గొప్ప. అంతకు మించిన షూట్ అనుకుంటే యూఎస్‌బీ సి కేబుల్‌తో పవర్ బ్యాంకు తగిలించండి. హీరో కెమెరాలు బ్యాటరీ తీసేసినా కేబుల్ పవర్‌తో నడుస్తాయి. బ్యాటరీ లేకపోతే వేడీ తక్కువే. కాకపోతే కేబుల్ ఒక్క క్షణం ఊడినా కెమెరా ఆగిపోతుంది. కేబుల్ తగిలించాలంటే పక్క తలుపు తెరవాలి, అప్పుడిక నీళ్లు పోకుండా ఆపే రక్షణ ఉండదు. వానలో ఈ పద్ధతి వద్దు.

ఒక చిక్కుంది. ఇంటర్వల్ ఎక్కువ ఉన్నప్పుడు కెమెరా లాగే కరెంటు చాలా తక్కువ. కొన్ని పవర్ బ్యాంకులు దాన్ని చూసి ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి. మీది ఆ రకమో కాదో ఇంట్లో ఓ గంట నడిపి చూసుకోండి.

ఎండాకాలం నల్లటి కెమెరాను నేరుగా ఎండలో పెడితే వేడెక్కి ఆగిపోతుంది. పైన థర్మోకోల్ ముక్కతో చిన్న గొడుగులా కట్టండి, లెన్స్‌లో కనిపించకుండా చూసుకోండి. ఏసీ గదిలోంచి విశాఖ లాంటి తీరంలో బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. ఓ పావుగంట ముందే సంచిలోనే ఉంచి బయట పెట్టండి.

కార్డు వీ30 గుర్తున్నది (వేగంగా రాసే రకం), 64 లేదా 128 జీబీ. మామూలు ఫోటో ఒక్కోటి ఆరు ఎంబీ వేసుకుంటే పదివేల ఫోటోలు 60 జీబీ. రా ఫోటోలకు (కెమెరా కుదించకుండా ఇచ్చే ముడి ఫైళ్లకు) ఇంకా ఎక్కువ చోటు కావాలి, అందుకే నేను రాత్రి షూట్లకు తప్ప రా జోలికి పోను.

శ్లాబ్ రోజు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు కట్టించుకునేవాళ్లు ఈ ఒక్క వీడియో కోసం ఎదురుచూస్తారు. తీసేవాళ్లకు మాత్రం రెండో అవకాశం ఉండదు, శ్లాబ్ ఒక్కసారే వేస్తారు.

ముందురోజు సాయంత్రమే వెళ్లండి. సెంట్రింగ్, ఊచల అల్లిక అయిపోయి ఉంటుంది కాబట్టి ఫ్రేమ్‌లో ఏమేం వస్తుందో అప్పుడే తెలుస్తుంది. కెమెరాకు సరైన చోటు పక్కింటి మేడ పిట్టగోడ, శ్లాబ్ కంటే ఓ అంతస్తు ఎత్తులో. పక్కింటివాళ్లను ముందే అడగండి, మేడ తలుపు తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా. వీలైతే దక్షిణం వైపు నుంచి ఉత్తరానికి చూసేలా పెట్టండి. తూర్పు, పడమరలకు మొహం పెడితే పొద్దునో సాయంత్రమో సూర్యుడు లెన్స్‌లోకి కొడతాడు. హైదరాబాద్ అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు, అయినా కెమెరా కిందికి వంగి ఉంటుంది కనుక ఇబ్బంది లేదు.

పని ఎన్నింటికి మొదలవుతుందో మేస్త్రిని అడిగి, ఆయన చెప్పిన టైమ్‌కు అరగంట ముందే రికార్డింగ్ మొదలుపెట్టండి. ఖాళీ ఊచల మీద వెలుగు పరుచుకోవడం, కొబ్బరికాయ కొట్టడం అప్పుడే దొరుకుతాయి. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా అంటే 36,000 సెకన్లు. పది సెకన్ల ఇంటర్వల్‌తో 3,600 ఫోటోలు, రెండు నిమిషాల వీడియో. ఐదు సెకన్లయితే 7,200 ఫోటోలు, నాలుగు నిమిషాలు. నేనైతే ఐదే పెడతాను. తట్టలు అందుకునే వరసలో మనుషులు వేగంగా కదులుతారు, పది సెకన్లకు ఆ వరస వరసలా కనిపించదు. ఎడిటింగ్‌లో రెండు రెట్లు చేసుకోవచ్చు.

కాంక్రీట్ పంపు తెప్పిస్తే సంగతి వేరు. రెండు మూడు గంటల్లో అయిపోవచ్చు. అప్పుడు రెండు సెకన్లు పెట్టండి. పంపు గొట్టం ఎటు తిరుగుతుందో ముందే కనుక్కోండి, అది లెన్స్‌కు అడ్డంగా నిలబడితే అంతే.

పిట్టగోడ అదే భవనానిదైతే వైబ్రేటర్ మిషన్ అదురు కెమెరా దాకా వస్తుంది. పక్కింటి గోడకైతే ఆ బెడద లేదు. సిమెంటు దుమ్ము మాత్రం తప్పదు. రెండు గంటలకోసారి వెళ్లి మెత్తటి గుడ్డతో లెన్స్ తుడవండి. ముందు ఊది, తర్వాతే తుడవాలి, లేకపోతే గీతలు పడతాయి. కెమెరా కోణం ఒక్క వెంట్రుక కూడా జరగకూడదు. క్లాంప్ చుట్టూ ముందే చాక్‌పీస్‌తో గీత గీసి పెట్టుకుంటే, జరిగినా తిరిగి అక్కడే పెట్టొచ్చు. భోజనాల టైమ్‌లో ఆపొద్దు, నిర్మానుష్యంగా ఉన్న ఆ కాసేపూ వీడియోకు ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది.

నెలల తరబడి మొత్తం ఇంటి నిర్మాణం తీయాలంటే కెమెరాను అక్కడే వదిలేయడం మన దగ్గర తెలివైన పని కాదు. అదే గీతల మధ్య రోజూ ఒకే వేళకు పెట్టి పది నిమిషాలు తీసుకురావడం నయం. కాస్త సాంకేతికం తెలిసినవాళ్లకు గోప్రో ల్యాబ్స్ ఫర్మ్‌వేర్ (కెమెరాలో వేసుకునే ప్రత్యేక సాఫ్ట్‌వేర్) ఉంది. క్యూఆర్ కోడ్ చూపించి కెమెరాను ఫలానా వేళకు లేపి, ఫోటో తీయించి, మళ్లీ నిద్రపుచ్చొచ్చు.

వంజంగి మబ్బులు

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద చలికాలపు తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద పరుచుకుంటాయి. ఈ కెమెరా కోసమే పుట్టిన దృశ్యమది. డిసెంబరులో అక్కడ సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య. ఐదున్నరకల్లా పైన ఉండి కెమెరా బిగించేయాలి. ఆలస్యమైతే మంచి చోట్లన్నీ జనంతో నిండిపోతాయి, మీ ఫ్రేమ్ నిండా సెల్ఫీ చేతులే. ట్రైపాడ్‌ను నడుము ఎత్తుకు మించి లేపకండి. అంచు రాయి మీద పెట్టి, ముందు ఎవరూ నిలబడలేని చోటు చూసుకోండి.

రెండు సెకన్ల ఇంటర్వల్, వైట్ బ్యాలెన్స్ 5500, ఐఎస్‌ఓ 100 నుంచి 800, ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా. ఫ్రేమ్‌లో మూడింట రెండొంతులు మబ్బుల నేలకివ్వండి, పైన ఒక వంతు ఆకాశం. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా 3,600 ఫోటోలు. సూర్యుడు వచ్చిన పదిహేను నిమిషాలకే చాలామంది సర్దేసుకుంటారు. ఎండ తగిలాక మబ్బులు లేచి చీలిపోవడం మొదలవుతుంది, అసలు కదలిక అప్పుడే.

మంచు తేమ లెన్స్ మీద పేరుకుంటుంది. ప్రతి పది నిమిషాలకూ తుడవండి. తుడిచినప్పుడు పడిన చేతి ఫోటోలను తర్వాత తీసేయొచ్చు. చలికి బ్యాటరీ తొందరగా దిగుతుంది. అదనపు బ్యాటరీని స్వెట్టర్ లోపలి జేబులో ఉంచుకోండి.

రాత్రి, ప్రయాణం

రాత్రి ఆకాశంలో చుక్కలకు నైట్‌ల్యాప్స్ మోడ్ వాడాలి. షట్టర్ 20 లేదా 30 సెకన్లు, ఇంటర్వల్ 30, ఐఎస్‌ఓ 800. గంటకు 120 ఫోటోలే వస్తాయి, అంటే నాలుగు సెకన్లు. మూడు గంటలు పెట్టగలిగితేనే కూర్చోండి. క్యాలెండర్‌లో అమావాస్య చూసుకుని, ఊరి వెలుగులకు దూరంగా వెళ్లాలి. ధ్రువనక్షత్రం మన దగ్గర ఉత్తర దిక్కున చాలా కిందికే ఉంటుంది, హైదరాబాద్‌లో దిగంతానికి పదిహేడు డిగ్రీల ఎత్తున. చుక్కలు దాని చుట్టూ తిరిగే వీడియో కావాలంటే ఉత్తరాన కొండో చెట్టో అడ్డం లేని చోటు చూడండి.

కారులో, రైల్లో తీసేటప్పుడు మామూలు టైమ్‌ల్యాప్స్ పనికిరాదు. అందుకు హీరో 7 బ్లాక్‌తో 2018లో వచ్చిన టైమ్‌వార్ప్ ఉంది, అది కుదుపులను సర్దుతుంది. అరకు రైల్లో కిటికీ అద్దానికి లెన్స్ ఆనించి పెడితే బోగీ లోపలి లైట్ల నీడలు పడవు. సొరంగం వచ్చినప్పుడల్లా తెర నల్లబడి, బయటికి రాగానే తెల్లబారుతుంది. దాన్ని ఆపాలని ప్రయత్నించకండి, ఆ దారి అంతే.

కుట్టడం

ఫోటోలన్నీ కంప్యూటర్లో ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఎక్కువ ఫోటోలైతే కెమెరా వాటిని రెండు మూడు ఫోల్డర్లలో పెడుతుంది. తీసిన సమయం ప్రకారం వరుస సంఖ్యలతో పేర్లు మార్చుకోండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఆ వరుసను చూసి ఒకే క్లిప్‌గా చూపిస్తుంది. క్లిప్ ఫ్రేమ్ రేటు 30 పెట్టి, 4కె టైమ్‌లైన్ మీద వేసుకోండి. మొదటి ఫ్రేమ్‌లో చిత్రం పూర్తిగా, చివరి ఫ్రేమ్‌లో పది శాతం పెద్దగా ఉండేలా కీఫ్రేములు (మార్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తులు) పెడితే మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టుంటుంది. ఇరవై శాతం దాటితే కృతకంగా ఉంటుంది.

మినుకు మిగిలి ఉంటే రిజాల్వ్ స్టూడియో వెర్షన్‌లో దాన్ని తగ్గించే డీఫ్లికర్ ఉంది, ఆ వెర్షన్‌ను డబ్బు పెట్టి కొనాలి. కమాండ్లు టైప్ చేయడానికి భయపడనివాళ్లకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో అదే పని చేసే ఫిల్టర్ ఉచితం.

టైమ్‌ల్యాప్స్‌కు శబ్దం ఉండదు. షూట్ చేసే చోటే ఫోన్‌లో రెండు నిమిషాల ఆడియో రికార్డు చేసి పెట్టుకోండి: మిక్సర్ తిరిగే చప్పుడు, మేస్త్రి కేకలు, కొండ మీది గాలి. ఏ సినిమా పాటో పెడితే కాపీరైట్ గొడవలొస్తాయి, పైగా ఇదే బాగుంటుంది. వీడియో తయారయ్యాక కూడా అసలు ఫోటోలను ఓ హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. గృహప్రవేశం నాటికి ఎవరో ఒకరు నిలువు వెర్షన్ అడుగుతారు.